ఒక్కసారైనా పైకి చెప్పి చూశారా?

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది సెమినార్లు ఏ కాలేజీలో చూసినా ఒకేలా ఉంటాయి. విద్యార్థి ముందుకొచ్చి, ‘గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ సర్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్’ అని ఒక్క గుక్కలో అనేసి, వెంటనే తెర వైపు తిరిగి స్లైడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి పది నిమిషాలూ క్లాసుకు కనిపించేది అతని వీపే. ‘థాంక్యూ’ స్లైడ్ రాగానే ముఖం విప్పారుతుంది. చప్పట్లు కొట్టేస్తారు, తరవాతి రోల్ నంబర్ పిలుస్తారు. ఆ కుర్రాడు బద్ధకస్తుడేం కాదు. రాత్రంతా మేలుకుని స్లైడ్లు చేసుకున్నవాడే, సబ్జెక్టు బాగానే చదివినవాడే. చేయని పని ఒక్కటి ఉంది. రేపు చెప్పబోయేది ఇవాళ ఒక్కసారైనా నోరు విప్పి చెప్పి చూసుకోలేదు. క్లాసులో ధైర్యంగా మాట్లాడలేకపోవడానికి పుట్టుకతో వచ్చిన పిరికితనం కంటే ఇదే పెద్ద కారణమని నా వాదన.

వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇలాంటివాళ్లకు ఇచ్చే మందు మనకు తెలిసిందే. ఛాతీ విరుచుకుని నిలబడు, కళ్లలోకి చూడు, అద్దం ముందు చేతులు తిప్పడం నేర్చుకో. పైగా ఒక లెక్క వల్లిస్తారు: మనం చెప్పేదాని ప్రభావంలో మాటల వాటా 7 శాతమేనట, గొంతుది 38, హావభావాలది 55. ఇది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క. ఆ ప్రయోగాల్లో ఉపన్యాసాలూ లేవు, పాఠాలూ లేవు. విడి విడి మాటల్ని రకరకాల స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఆ మనిషి ఇష్టంగా అంటున్నాడా అయిష్టంగా అంటున్నాడా అని అడిగారు. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భం దాటి ఈ లెక్కను వాడొద్దని ఆయనే చెప్పాడు. వినేదెవరు? ఆ లెక్కే నిజమైతే ఓమ్ సూత్రాన్ని ఎవరైనా జపాన్ భాషలో వివరించినా మనకు 93 శాతం బోధపడాలి. నిటారుగా నిలబడితే తప్పేమీ లేదు. కానీ అది కారణం కాదు, ఫలితం. తరవాతి వాక్యం నోటికి అందుతుందని తెలిసినవాడి భుజాలు వాటంతటవే సర్దుకుంటాయి. అందదని తెలిసినవాడు ఎంత ఛాతీ విరిచినా కళ్లు తెర వైపే పరుగెడతాయి.

వాక్యం నోటికి అందాలంటే చదివితే చాలదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. మరికొందరి చేత ఒకసారి చదివించి, కాగితం తీసేసుకుని, గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే తారుమారైంది. రాత్రి పదకొండింటికి స్లైడ్లు నాలుగోసారి తిరగేసి ‘అంతా వచ్చేసింది’ అనుకునే ధీమా ఉంది చూడండి, అది ఆ ఐదు నిమిషాల ధీమాయే. పైకి చదివిన మాటలు మనసులో చదువుకున్నవాటి కంటే బాగా గుర్తుంటాయని మెక్లౌడ్ అనే కెనడా పరిశోధకుడూ సహచరులూ 2010లో చూపించారు. జ్ఞాపకం ఒక్కటే కాదు సంగతి. మనసులో చదువుకునేటప్పుడు ఏ వాక్యమూ అడ్డం తిరగదు. నోటితో అనబోయినప్పుడే ఎక్కడ ఊపిరి చాలడం లేదో, ఎక్కడ ఒక ముక్కకీ మరో ముక్కకీ లంకె తెగిందో తెలిసొస్తుంది.

సివిల్ ఇంజినీరింగ్ చదివే ఒకమ్మాయి ధవళేశ్వరం ఆనకట్ట మీద మాట్లాడాలి అనుకుందాం. స్లైడ్ మీద ‘నిర్మాణం: 1847–1852, ఇంజినీర్: ఆర్థర్ కాటన్’ అని ఉంటుంది. చూసి చదివితే నాలుగు సెకన్ల పని, వినేవాళ్లకు ఏమీ మిగలదు. ఇప్పుడు ల్యాప్‌టాప్ మూసి, లేచి నిలబడి, అదే విషయాన్ని హాస్టల్ రూమ్మేట్‌కు చెప్పమనండి. ‘అంటే... కాటన్ ఏం చేశాడంటే... ఆనకట్ట కట్టాడు’ అని ఆగిపోతుంది. ‘ఎందుకే?’ అంటుంది రూమ్మేట్. అప్పుడు అర్థమవుతుంది, ఆ ఎందుకో తనకే తెలీదని. పుస్తకం తీస్తుంది. 1830లలో కరువులు ఆ ప్రాంతాన్ని పీల్చేశాయి. పక్కన గోదావరి నిండా నీళ్లే, పొలానికి మాత్రం ఎక్కవు. రెండోసారి చెప్పేటప్పుడు ఈ ముక్క దానంతటదే వస్తుంది. మరి అంత వెడల్పు నదికి అడ్డంగా ఎలా కట్టారు? ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది, ఆనకట్టనూ ఆ లంకల ఆసరాతో నాలుగు భాగాలుగా కట్టారు. మూడోసారి చెప్పేసరికి, ‘పక్కనే గోదావరి. అయినా కరువు. ఎందుకు?’ అని మొదలుపెట్టాలని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తడుతుంది. ఆ ఎత్తుగడ ఏ టెంప్లేట్‌లోనూ దొరకదు. ఇందులో చాలామంది చేసే పొరపాటొకటి ఉంది. ఎక్కడ తడబడినా మళ్లీ మొదటికొచ్చి ‘గుడ్ మార్నింగ్’ నుంచి ఎత్తుకుంటారు. దాంతో మొదటి రెండు నిమిషాలూ నున్నగా అరిగిపోతాయి, చివరి మూడు నిమిషాలూ ఒక్కసారీ నోట పడవు. అందుకే ఒకసారి మధ్యలోంచి మొదలుపెట్టండి, ఒకసారి ముగింపు మాత్రమే చెప్పండి. కూర్చుని గొణగొద్దు. నిలబడి, చివరి బెంచీకి వినపడేంత గొంతుతో చెప్పండి.

ఇదీ బట్టీయే కదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. బట్టీలో మాటలు మారకూడదు, అందుకే ఒక్క మాట జారితే మొత్తం కూలుతుంది. ఇక్కడ చెప్పిన ప్రతిసారీ మాటలు మారాలి, వరస మాత్రం నిలవాలి. ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా చెప్పినవాడికి ఒక దారి మూసుకుపోతే ఇంకో మూడు దారులుంటాయి. మొదటి రెండు వాక్యాలకు మాత్రం మినహాయింపు ఇస్తాను. గుండె దడదడలాడేదీ, నాలుక పిడచకట్టుకుపోయేదీ అప్పుడే కాబట్టి ఆ రెండింటినీ అక్షరం పొల్లుపోకుండా నోటికి పట్టించండి.

‘నా స్వభావమే అంత, నలుగురిలో నిలబడితే వణికిపోతాను’ అనేది ఇంకో అభ్యంతరం. వణుకు నిజమే. అది అందరికీ కనిపిస్తోందన్నది మాత్రం మన భ్రమ. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో ఈ సంగతి తేల్చారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు బయటికి ఎంత కనిపిస్తోందని అనుకుంటారో, చూసేవాళ్లకు అంత కనిపించదు. ఈ ముక్క ముందే చెప్పి పంపితే మాట్లాడేవాళ్లు ఇంకా బాగా మాట్లాడారు కూడా. నత్తి ఉన్నవాళ్లనూ, పది రోజుల ముందు నుంచే తిండీ నిద్రా పోయేంత భయమున్నవాళ్లనూ నేనిక్కడ మందలించడం లేదు. వాళ్లకు కావలసింది నిపుణుల సాయం. మిగతావాళ్లు మాత్రం, ఒక్కసారి కూడా పైకి చెప్పి చూడకుండా తప్పు స్వభావం మీదికి నెట్టకండి.

మనవాళ్లలో అసలు భయం ఇంగ్లీషుది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు విషయమూ భాషా రెండూ ఒకేసారి మోయబోయి రెండూ జారవిడుస్తారు. ముందు తెలుగులో చెప్పండి, నిస్సంకోచంగా. కరెంటు, వోల్టేజీ, బీమ్, కాలమ్ ఎలాగూ మన మాటల్లో కలిసిపోయినవే. విషయం వరస తెలుగులో కుదిరాక అదే వరసలో ఇంగ్లీషులోకి రండి, చిన్న చిన్న వాక్యాలతో. అప్పుడు వెతుక్కోవలసింది మాటనే, ఆలోచనను కాదు. ‘హ్యాజ్’ బదులు ‘హ్యావ్’ పడితే క్లాసు మన్నిస్తుంది. లంకె లేకుండా చదివేస్తే నిద్రపోతుంది.

మిగతా జాగ్రత్తలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి గబగబా చెప్పేస్తాను. స్లైడ్‌కి నాలుగు లైన్లు మించొద్దు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ఫైల్‌ను మెయిల్‌కీ పంపుకోండి, ప్రొజెక్టర్ వెలుగుతుందో లేదో ముందే వెళ్లి చూసుకోండి, నీళ్ల బాటిల్ దగ్గర పెట్టుకోండి, తెలియని ప్రశ్నకు ‘తెలుసుకుని చెప్తాను సర్’ అనండి.

లెక్చరర్లకూ ఒక మాట. ఏడాదికి ఒక్క సెమినార్ పెట్టి, వణికిన పిల్లల్ని చూసి ‘వీళ్లకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు’ అనడం న్యాయం కాదు. వాళ్ల చేత మాట్లాడించింది ఎన్నిసార్లు? అరవై మంది ఉన్న క్లాసులో రోజుకు ముగ్గురి చేత, తలా రెండు నిమిషాలు, స్లైడ్ లేకుండా నిన్నటి పాఠంలో ఒక ముక్క చెప్పించండి. ఇరవై పనిదినాల్లో అందరి వంతూ వస్తుంది. దానికయ్యేది పీరియడ్‌లో ఆరు నిమిషాలు, అది హాజరు పిలవడానికి పట్టే సమయమే.