పొరుగువారి నిద్ర, పెంపుడు కుక్క మొరుగు

ఇంటి యజమానికి తన కుక్క మొరుగు అలవాటైన శబ్దము. పొరుగువానికి అదియే నిద్రాభంగము. కావున పొరుగువాడు ఫిర్యాదుతో వచ్చినప్పుడు దానిని అవమానముగా నెంచరాదు.

గణపవరం ప్రాంతమున వరిచేలును, కొల్లేటి దిక్కుగా చేపల చెరువులును విస్తారము. వేకువనే కోతలకు పోవలసినవానికి రాత్రి నిద్రయు, చెరువుగట్టున రాత్రియెల్ల కాపలా కాసినవానికి పగటి నిద్రయు కూలికి ఆధారములు. అట్టివాడు మొరపెట్టుకొనినప్పుడు “కుక్క మొరగక పాడుతుందా?” అని పరిహసించుట గృహస్థధర్మము కాదు. “బాబాయిగారూ, ఏ వేళప్పుడు మరీ ఎక్కువగా అరుస్తోంది?” అని అడుగుటయే మొదటి పని. వారము దినములు ఆ వేళలను వ్రాసియుంచినచో కారణము చాలవరకు తెలియును.

కుక్క ఊరక మొరగదు. దినమెల్ల గొలుసున కట్టుబడి నడక లేకపోవుట, ఒంటరితనము, ఆకలి, దప్పి, భయము, వ్యాధి మొదలగునవి కారణములు. ముసలి కుక్క చెవుడు వచ్చియు, మతి చెదిరియు రాత్రులందు అరచుట కలదు. దానిని పశువైద్యునికి చూపవలెను. మొరుగుచున్న కుక్కపై కేకలు వేసినచో అది మరింత రెచ్చిపోవును. ఉదయము, సాయంకాలము నడిపించుట, పొరుగుగోడ ప్రక్కను కట్టకుండుట, వీధి కనబడకుండ గేటు అడుగుభాగమును మూయుట, రాత్రి ఇంటిలోపల పడుకొనబెట్టుట, మౌనముగా నున్నప్పుడు మెచ్చుకొని మేత పెట్టుట అనునవి తగిన ఉపాయములు.

నిత్యము కట్టివేయబడు కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. కావున గొలుసును కురుచ చేయుట పరిష్కారము కాదు. మాట పెరిగి పగయైనచో ఒకనాటి రాత్రి విషపుముద్ద గోడ దాటి పడవచ్చును. జంతువునకు విషము పెట్టి చంపినవానికి 2023 నాటి భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను అయిదేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. కాని ఆ శిక్ష చచ్చిన కుక్కను బ్రతికింపదు, చెడిన పొత్తును కూర్పదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శునకము వేదము చదివిన కథ కలదు. హీనమని లోకము త్రోసిన ప్రాణికిని అచ్చట గౌరవము దక్కినది. ఆ కథను విని పెరిగిన ఇండ్లలో నోరులేని కుక్కపై దయ యుండవలెను. నోరు తెరచి బాధ చెప్పుకొనిన పొరుగువానిపైనను అంతే దయ యుండవలెను. వారము గడచిన పిమ్మట యజమానియే పొరుగింటికి పోయి “ఇప్పుడు నిద్ర పడుతోందా?” అని అడిగినచో సగము తగవు అచ్చటనే తీరును.