ఇటలీ మెట్రోలో "మీ ఫోన్ జాగ్రత్త" అనడం ఎలా?

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. మంచి ఫోన్ చేతిలో ఉండి కూడా పనికిరాకుండా పోయిన పది సెకన్ల కథ, దాంతోపాటు ఓ చిన్న ఇటాలియన్ పాఠం.

మాది బూర్గంపాడు. గోదావరి వంతెన దాటితే భద్రాచలం. శ్రీరామనవమికి అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. ఓసారి ఆ తోపులాటలో మా అమ్మ బ్యాగ్ జిప్ తెరిచి ఉంటే, వెనక ఎవరో ఆవిడ "అక్కా, బ్యాగ్ చూస్కో!" అని అరిచింది. ఫోన్ దక్కింది.

కిందటేడాది మిలాన్‌లో చదువుకుంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లా. దువోమో వైపు వెళ్లే మెట్రోలో ఒక పెద్దావిడ బ్యాగ్‌లోకి వెనక నుంచి ఓ చెయ్యి పోవడం కళ్లారా చూశా. నోరు పెగల్లేదు. ట్రాన్స్‌లేట్ యాప్ తెరిచి, మైక్ నొక్కి, తెలుగులో చెప్పేలోపు స్టేషన్ వచ్చింది, ఆ మనిషి దిగిపోయాడు. అనువాదం మాత్రం తప్పుల్లేకుండా వచ్చింది!

ఆ రాత్రే తమ్ముడి దగ్గర నేర్చుకున్నా. మొదటి మాట: అత్తెన్‌ట్సియోనే! జాగ్రత్త అని. ఇంగ్లిష్ అలవాటుతో "ట" అనొద్దు, మన "అత్త"లో ఉన్న త్తనే. "ట్స" అని రాశా గానీ, నిజానికి అది మనం "చాప" అనేటప్పుడు పలికే చ. ఒత్తులు, అచ్చుతో ముగిసే మాటలు మనకు పుట్టుకతో వచ్చినవే కాబట్టి ఇటాలియన్ మన నోటికి తొందరగా పడుతుంది. 2023లో వెనిస్‌కి చెందిన మోనికా పోలి వీడియోల్లో వైరల్ అయిన అరుపు ఇదే: "అత్తెన్‌ట్సియోనే, పిక్‌పాకెట్!" రీల్స్‌లో జోక్ అయిపోయింది గానీ, ఆమె నిజంగా టూరిస్టులను హెచ్చరిస్తోంది.

ఎక్కువ పనికొచ్చేది ఇది: "సిన్యోరా, అ లా బోర్సా అపెర్తా." అమ్మా, మీ బ్యాగ్ తెరిచి ఉంది. ఎవరినీ దొంగ అనడం లేదు కాబట్టి అనుమానం తప్పైనా గొడవ ఉండదు. మగవాళ్లయితే "సిన్యోరే".

దొంగతనం కళ్ల ముందే జరుగుతుంటే: "లే స్తన్నో రుబాందో ఇల్ తెలేఫొనో!" మీ ఫోన్ కొట్టేస్తున్నారు! ఎవరు అన్నది ఇందులో లేదు, అచ్చం మన "కొట్టేస్తున్నారు" లాగే. "లే" అంటే మీ. మీ వయసు కుర్రాళ్లతో అయితే "తి" చాలు. మన మీరు, నువ్వు తేడానే. పెద్దవాళ్లని "తి" అంటే కాస్త మర్యాద తక్కువ, అయినా ఆ క్షణంలో ఎవరూ పట్టించుకోరు.

పారిపోతుంటే "అల్ లాద్రో!" దొంగ, దొంగ! అరవండి, వెంటపడి పట్టుకోవద్దు.

పోయింది మీ ఫోనే అయితే, పోలీసులతో: "మి అన్నో రుబాతో ఇల్ తెలేఫొనో." ఫిర్యాదుని "దెనూన్చా" అంటారు, ఎమర్జెన్సీ నంబర్ మనలాగే 112. ఐఎంఈఐ అవసరం పడుతుంది. *#06# కొట్టి ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ దాచుకుంటే ఏం లాభం? మన సంచార్ సాథీలో బ్లాక్ చేస్తే మన దేశం నెట్‌వర్క్‌ల్లోనే ఆగుతుంది, ఇటలీలో కాదు. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ కూడా ఆన్ చేసుకోండి. కానీ అది ఫోన్ లాక్కుని పరిగెత్తితే పసిగట్టడానికి. మెల్లగా బ్యాగ్‌లోంచి లాగితే దానికేం తెలుస్తుంది?

ఇప్పుడు బస్సులో భద్రాచలం వెళ్తూ ఈ ఐదూ గొణుక్కుంటుంటా. మొన్న పక్క సీటు పెద్దాయన "ఏం మంత్రం బాబూ?" అనడిగాడు. "దొంగల మంత్రం తాతా" అన్నా. చెయ్యి ఠక్కున జేబు మీదకి పోయింది ఆయనకి.