రసాయన పరిశ్రమకు పంట కర్బనం: ఆముదం చెప్పే పాఠం

ప్లాస్టిక్కులు, కృత్రిమ నారలు, ద్రావణుల తయారీకి కావలసిన కర్బనం నేడు ప్రధానంగా ముడిచమురు, సహజ వాయువుల నుంచే లభిస్తున్నది. విద్యుత్తును సూర్యరశ్మి నుంచి పొందవచ్చు. నైలాన్‌లోని కర్బనాన్ని మాత్రం ఏదో ఒక పదార్థం నుంచే తేవాలి. ఆ పదార్థం పంట కాగలదనడానికి ఆముదం నిదర్శనం.

ఆముదపు నూనెలోని కొవ్వు ఆమ్లాలలో 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. 18 కర్బనాల ఈ గొలుసులో 9-10 కర్బనాల మధ్య ద్విబంధం, 12వ కర్బనంపై హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. గొలుసు ఎక్కడ తెగాలో నిర్ణయించేది ఈ అమరికే. దీని మిథైల్ ఎస్టరును అధిక ఉష్ణోగ్రత వద్ద విచ్ఛిన్నం చేస్తే 7 కర్బనాల హెప్టనాల్, 11 కర్బనాల ఎస్టరు విడివడతాయి. రెండవదే నైలాన్-11కు మూలం. నూనెను క్షారంతో అధికంగా వేడిచేస్తే 10 కర్బనాల సెబాసిక్ ఆమ్లం వస్తుంది.

రసాయన శాస్త్రం తన వంతు ఏనాడో పూర్తిచేసింది. చిక్కు పొలంలో ఉన్నది. కర్మాగారం ఏటా నిలకడైన సరఫరా కోరుతుంది. దక్షిణ తెలంగాణ ఎర్ర చల్కలలో వర్షాధారంగా వేసిన ఆముదానికి గెల దశలో ముసురు పట్టిందా, బొట్రైటిస్ బూజు తెగులుతో గెలలే కుళ్ళిపోతాయి. గుజరాత్ రైతుకు నీటి వసతి, పొడి శీతాకాలం కలిసివచ్చాయి. మన రైతుకు ఆ రెండూ లేవు. పైగా రిసిన్ విషం వల్ల నూనె తీసిన పిండి పశువుల మేతకు పనికిరాదు, ఎరువుగానే చెల్లుతుంది. కనుక గింజ ధర దాదాపు పూర్తిగా నూనె ధరనే అనుసరిస్తుంది. బూజును తట్టుకునే రకం చేతికి రానంతవరకు ఈ రైతును పరిశ్రమకు నమ్మకమైన సరఫరాదారుగా లెక్కవేయడం నా దృష్టిలో తొందరపాటే.