కార్నిష్–విండ్సర్ కప్పువంతెన

అమెరికాలోని న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రములను కలుపుచు, కనెక్టికట్ నదిపై ఒకే చోట తొల్లి వెలసిన మూడు వంతెనలును వరదల వాతఁబడిన పిమ్మట, 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అను నిర్మాతలు కట్టిన నాల్గవ దారుసేతువే కార్నిష్–విండ్సర్ వంతెన. దీని పొడవు సుమారు 450 అడుగులు. నదీమధ్యమున నున్న స్తంభ మొక్కటియే.

ఇథియల్ టౌన్ అను వాస్తుశిల్పి 1820లో పేటెంటు పొందిన జాలకపద్ధతిలో పలకలను ఏటవాలుగా, ఒకదానినొకటి ఖండించునట్లు పేర్చి కొయ్యమేకులతో బిగింతురు. ఈ వంతెనయు ఆ పద్ధతిదే యైనను, ఇచ్చట పలకలకు మారుగా బలిష్ఠములైన దూలములను వాడిరి. పైకప్పు బాటసారుల సౌఖ్యమునకని పలువురు తలంతురు గాని, వర్షాతపములవలన కొయ్య చివికిపోకుండ కాపాడుటయే దాని ముఖ్యప్రయోజనము. ఈ వంతెన దాటుటకు సుంకము 1943 వఱకు వసూలయ్యెను.

ప్రపంచమున నత్యంత దీర్ఘమైన కప్పువంతెన మాత్రము కెనడాలోని హార్ట్‌లాండ్‌నందు కలదు: 1,282 అడుగులు.