కారు రేకు పలచగా ఉంటే సేఫ్టీ తక్కువేనా?

కారు కొనేముందు బానెట్ మీద వేలితో కొట్టి చూసే అలవాటు నాకూ ఉండేది. రేకు మందంగా ఉంటేనే కారు గట్టిదని అనుకునేవాణ్ణి. ఆడి ఏ8 బాడీ గురించి తెలుసుకున్నాక ఆ అభిప్రాయం మారిపోయింది.

1994లో వచ్చిన మొదటి ఏ8కి బరువు తగ్గించడానికి అల్యూమినియం బాడీ ఇచ్చారు. 2017 మోడల్‌లో మాత్రం అల్యూమినియం 58 శాతమే. మనం కూర్చునే క్యాబిన్ చుట్టూ, అంటే బి-పిల్లర్లు, డోర్ల కింది సిల్స్ లాంటి చోట్ల, ఎర్రగా కాల్చి అచ్చులో నొక్కిన గట్టి స్టీల్ వాడారు. వెనక సీటు వెనకున్న ప్యానెల్ కార్బన్ ఫైబర్‌ది. బాడీ మెలితిరగకుండా ఆపే బలంలో 33 శాతం ఆ ఒక్క ముక్కదే!

ముందు భాగం మాత్రం కావాలనే నలిగేలా డిజైన్ చేస్తారు. ఫోన్ కిందపడితే కవర్ దెబ్బ తిని ఫోన్‌ను కాపాడుతుంది కదా, ఇదీ అంతే. ముందు భాగం నలిగి దెబ్బను మింగేస్తుంది, క్యాబిన్ ఆకారం చెడకుండా నిలుస్తుంది.

అందుకే ఇప్పుడు నేను బానెట్ కొట్టి చూడను, క్రాష్ టెస్ట్ రేటింగ్ చూస్తాను. ఇంకో మాట. యాక్సిడెంట్ అయ్యాక ఇలాంటి స్టీల్ పిల్లర్‌ను వేడి చేసి సాగదీయించకండి. ఆ వేడికి దాని బలం పోతుంది. పైకి పెయింట్ బాగానే కనిపిస్తుంది, కానీ మళ్లీ దెబ్బ తగిలితే అది మిమ్మల్ని కాపాడలేదు.