పరాయి ఇంట పళ్లెం

2027 ఆగస్టు 3 నుండి 8 వరకు సియోల్ నగరంలో ప్రపంచ యువజన దినోత్సవం జరపాలని నిర్ణయమైనది. కుమారుని అక్కడకు స్వచ్ఛంద సేవకునిగా పంపదలచిన ఒక తల్లి పూజానంతరం అడిగింది: "ఫాదర్, మావాడు ఆ కొరియావాళ్లింట్లో ఏం తింటాడు?"

మంచి ప్రశ్న. పాస్‌పోర్టు ఆఫీసు మన సికింద్రాబాదులోనే ఉన్నది, ఆ పని ఎలాగో అవుతుంది. ఇదే కష్టం.

క్రీస్తు ప్రభువు డెబ్బది ఇద్దరిని పంపుతూ, పెట్టినది తినుమనీ, ఇల్లు మారవద్దనీ ఆదేశించారు (లూకా 10). అంటే, సేవ చేయబోయేవాడు మొదట ఒకరింట పుచ్చుకొనువాడు కావాలి. మన పిల్లలకు ఇవ్వడం తెలుసు, పుచ్చుకోవడమే తెలియదు. పౌలుగారు కొరింతులో అక్విలా, ప్రిస్కిల్లల ఇంట ఉంటూ వారితో కలిసి డేరాలు కుట్టారు. ఉత్త అతిథిగా కూర్చోలేదు.

కొరియాలోనూ చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారు. పెద్దలు మొదలుపెట్టేదాకా పిన్నలు ఆగుతారు. పెద్దలకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇస్తారు. అన్నంతో కిమ్చి ఉంటుంది, పులియబెట్టిన క్యాబేజీ. ఆవకాయ తిన్న నోటికి కారం కొత్తకాదు, వాసనే కొత్త. చేతితో కలుపుకోరు, చెంచా, సన్నని లోహపు పుల్లలు వాడతారు.

కనుక అమ్మా, ఈ నెల నుండే మీవాడి కంచం వాడే కడగాలి, పక్క వాడే ఎత్తాలి. ఒంటికి పడనిదీ, వాడే మందులూ ఆ ఇంటివారికి ముందే రాసి పంపండి. మొహమాటపడి దాచవద్దు.