రోవర్‌కు ఏ సెన్సార్? మట్టికి ఏ పరీక్ష?

2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3 లోని ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు. దానిపై శాస్త్ర పరికరాలు రెండే. ఒకటి లేజర్‌తో మట్టిని కాల్చి వచ్చే వెలుగును చదువుతుంది. రెండోది ఆల్ఫా కణాలు, ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తుంది. అక్కడి మట్టిలో ఏయే మూలకాలున్నాయన్నదే ప్రశ్న. గంధకం ఉందని రెండూ చెప్పాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనం రోవర్ తయారు చేసినా ముందు ప్రశ్న, తర్వాతే సెన్సార్. నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్ళం ప్రశ్న కోసం దూరం పోనక్కర లేదు. చెల్కలో తేమ ఎంత? చౌడు ఉందా? బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత?

1. తేమ: రెండు కమ్మీల సెన్సార్ చవక. కాని కమ్మీలు తుప్పు పడతాయి, ఉప్పు ఉన్నచోట తప్పు చెబుతుంది. కెపాసిటివ్ సెన్సార్ మేలు. అయినా ఎర్రమట్టికి, నల్లరేగడికి వేర్వేరుగా సరిచూడాలి. మట్టిని తూచి, 105 డిగ్రీల వద్ద ఎండబెట్టి, మళ్ళీ తూచితే అసలు తేమ తెలుస్తుంది.

2. పి.హెచ్., చౌడు: గాజు ఎలక్ట్రోడ్‌ను ఎండు చెల్కలో గుచ్చితే రాయి తగిలి పగులుతుంది. 20 గ్రాముల మట్టిలో 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట కలిపి ముంచాలి. అందుకే రోవర్‌కు చిన్న పార, గిన్నె, పంపు కావాలి. అదే నీటిలో విద్యుత్ వాహకత చూస్తే లవణాల సంగతి తెలుస్తుంది.

3. ఫ్లోరైడ్: వాహకత మీటర్ లవణాలన్నిటినీ కలిపే కొలుస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. పి.హెచ్. ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీటిలోకి మన గ్రానైట్ రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ ఎక్కువగా దిగుతుంది. కాబట్టి రోవర్ చూపే పి.హెచ్. అనుమానానికి ఆధారం, రుజువు కాదు. నీటిని ప్లాస్టిక్ సీసాలో పట్టి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో చూడాలి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు.

నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ చెబుతామనే చవక సెన్సార్లను నమ్మకండి. చాలావరకు అవి వాహకత నుంచి లెక్కగట్టిన అంకెలు. ఆ పరీక్ష భూసార కేంద్రంలోనే చేయించాలి.

ఫ్లోరైడ్ తొలగించే పటిక, సున్నం పద్ధతికి ‘నల్లగొండ విధానం’ అని పేరు. పచ్చబడ్డ పళ్ళను, వంగిన నడుములను చూస్తూ పెరిగి, ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్ళం మేము. మనం రాసిన అంకెను నమ్మి ఒక ఇల్లు ఆ నీళ్ళు తాగుతుంది. అందుకే ప్రతి కొలతా మూడుసార్లు తీయండి. మూడూ రాయండి.